వేసవిలో నల్లకోటు

వేషము దేశకాలములకు దగియుండవలెననుట మన పెద్దలెరిగిన మాటయే. న్యాయవాదుల వేషమును శీతోష్ణస్థితులను గమనించి నిర్ణయింపవలెనని న్యాయవాదుల చట్టము 49వ సెక్షనును చెప్పుచున్నది. రెంటచింతల, రామగుండములందు వేసవి వేడిమి 45 డిగ్రీలు దాటుట మన మెరుగుదుము. అయినను వేడిని పీల్చు నల్లకోటు మన వకీళ్లను విడువకున్నది.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియావారి నిబంధనలలో పురుషులకు ధోవతి కట్టుటకు సమ్మతి కలదు. దానిపై కోటుమాత్రము తప్పదు. వేసవిలో క్రింది కోర్టులకు మినహాయింపు గలదు గాని హైకోర్టులకును సుప్రీంకోర్టునకును లేదు. ఎండకు కోర్టుల తారతమ్యము తెలియునా?

మినహాయింపున్నచోటను చిక్కు తీరలేదు. సీనియరు విప్పనిదే జూనియరు కోటు విప్పుటకు జంకును. సీనియరు చల్లని కారులో వచ్చును. జూనియరు బస్సు దిగి, కాగితపు కట్టలు చంకబెట్టుకొని, కిక్కిరిసిన వరండాలో పిలుపుకై నిలుచుండును. బాధ యెవరిది?

కోటు లేనిచో న్యాయస్థాన గౌరవము తగ్గునని కొందరందురు. 2020 మే నెలలో, కోవిడ్ కాలమున, వీడియో విచారణలందు కోటును గౌనును విడిచి తెల్లచొక్కాతో, మెడపట్టీతో వాదించుటకు సుప్రీంకోర్టే సమ్మతించినది. నాటి తీర్పుల గౌరవమేమైన తగ్గినదా? న్యాయస్థాన గౌరవము విచారణలో నున్నది, నల్లబట్టలో లేదు.

కావున వేసవి మాసములందు కోర్టులన్నింటను కోటును వాదించువారి యిచ్ఛకు విడువవలెననియు, సీనియరు న్యాయవాదులు తామే ముందుగా విప్పి త్రోవ చూపవలెననియు మేము కోరుచున్నాము.