హోరు వేరు, స్కోరు వేరు

గోల్ఫ్‌లో కుర్రవాడు ప్రొఫెషనల్‌గా ఎప్పుడు మారాలన్నది అతని పేరు ఎంత మోగుతోందో చూసి కాదు, స్కోరుకార్డు చూసి తేల్చుకోవాల్సిన విషయం. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవారు. అతను 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో ఉండగా మణికట్టు గాయం వల్ల 2018-19 సీజన్ మొత్తం పోయింది. కోలుకున్నాక మళ్లీ కాలేజీ జట్టుకే ఆడాడు. 2020లో కాలేజీ గోల్ఫ్‌లో ఇచ్చే హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ అవార్డులు మూడూ అతనికే వచ్చాయి. ప్రొఫెషనల్‌గా మారిందీ ఆ ఏడాదే.

అవార్డులున్నంత మాత్రాన పీజీఏ టూర్‌లో ఆడే అర్హతనిచ్చే కార్డు చేతికి రాదు. 2021లో కార్న్ ఫెర్రీ టూర్ ఫైనల్స్‌లో రాణించాకే అది దక్కింది. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజు ఆట ఆధిక్యంతోనే మొదలుపెట్టాడు. 17వ హోల్‌లో కొట్టిన తొలి షాట్ నేలను తాకి, ఎడమకు మళ్లి నీళ్లలో పడింది. ఒక్క స్ట్రోక్‌తో ప్లేఆఫ్ తప్పిపోయింది. ఆ వారం అతని పేరు మారుమోగింది గానీ తొలి పీజీఏ టూర్ టైటిల్ వచ్చింది 2023 సెప్టెంబరులో, ఫార్టినెట్ చాంపియన్‌షిప్‌లో.

గోల్ఫర్ మిషెల్ వీ దారి వేరు. 2004లో పద్నాలుగేళ్లకే పురుషుల సోనీ ఓపెన్‌లో ఆడి, చివరి రెండు రౌండ్లకు అర్హతనిచ్చే కట్‌ను ఒక్క స్ట్రోక్‌తో తప్పింది. ఆ త్రుటిలో తప్పడమే పెద్ద సంచలనమైంది. 2005లో, పదహారేళ్లు నిండకముందే, నైకీ, సోనీ ఒప్పందాలతో ప్రొఫెషనల్ అయింది. 2007లో ఆమెకూ మణికట్టు దెబ్బతింది. పూర్తిగా తగ్గకముందే బరిలోకి దిగి తడబడింది. తొలి ఎల్పీజీఏ టైటిల్ 2009 నవంబరు దాకా రాలేదు. ప్రతిభ లేక కాదు, 2014లో యూఎస్ విమెన్స్ ఓపెన్ గెలిచిన క్రీడాకారిణి ఆమె. ఒప్పందాలు ముందు, ఫలితాలు తర్వాత అన్న వరుసలోనే చిక్కుంది.

ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు గోల్ఫ్ ఆడేవారు అరుదే. ఫలితాలకు ముందే పరుగు తీసే తొందర మాత్రం ఇక్కడా కొత్త కాదు. క్రికెట్‌లోనో బ్యాడ్మింటన్‌లోనో పిల్లవాడికి ఒక పతకం రాగానే కూడలిలో ఫ్లెక్సీ లేస్తుంది, ఆ వెంటే చదువు మానిపించే ఆలోచన. కొల్లేరులో చేపల చెరువు రైతు నీటి మీద కదలికను చూసి లాభం లెక్కేయడు. పట్టుబడి రోజున కాటా మీద తూకం చూస్తాడు. పిల్లల ఆట విషయంలో ఆ నిదానం ఎందుకో కనిపించదు.

ఇందులో పత్రికల పాత్రా ఉంది. పీజీఏ టూర్‌లో మామూలుగా టోర్నీ నాలుగు రౌండ్లు. రెండు రౌండ్లయ్యాక మొదటి 65 స్థానాల్లోనూ, 65వ స్థానంతో సమంగానూ ఉన్నవారే కట్ దాటుతారు; మిగిలిన ప్రొఫెషనల్స్‌కు ప్రైజ్‌మనీ ఉండదు, ఖర్చులు మాత్రం తప్పవు. అందుకే తొలి రౌండ్ ఆధిక్యాన్ని పతాక శీర్షికకు ఎక్కించిన పత్రిక, చివరి రోజైన ఆదివారం ఆ ఆటగాడు ఎక్కడ ముగించాడో కూడా అదే పేజీలో వేయాలి. ఆ సీజన్‌లో ఎన్ని కట్‌లు దాటాడో ఒక్క వరుసలో చేర్చినా చాలు.

— ఒక పాఠకుడు, ఏలూరు