గుత్తికోయ మహిళ ఫిర్యాదుకు దారేది?

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ అండతో బస్తర్‌లో మొదలైన సల్వాజుడుం, అంటే మావోయిస్టులను ఎదుర్కొనే పేరుతో స్థానికులనే కూడగట్టి నడిపిన సాయుధ దండు, ఊళ్లకు ఊళ్లను తగలబెట్టడంతో, అటు మావోయిస్టు దళాలకూ ఇటు పోలీసులకూ మధ్య నలిగిన వేలాది ఆదివాసీ కుటుంబాలు చర్ల, దుమ్ముగూడెం, చింతూరు అడవులకు చేరి గుత్తికోయలుగా పేరుపడ్డాయి. వెనక్కి వెళ్లమని వారికి చెప్పేవారు గుర్తుంచుకోవలసిందేమిటంటే, బీజాపూర్ జిల్లాలో 16 మంది మహిళలపై పోలీసులు లైంగిక, శారీరక దాడులకు పాల్పడినట్లు ప్రాథమిక ఆధారాలున్నాయని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2017 జనవరిలో తేల్చింది.

దేశ సరిహద్దు దాటలేదు గనుక వీరు శరణార్థులు కారు, అంతర్గత నిర్వాసితులు. అటువంటి మహిళలను అత్యాచారం నుంచి కాపాడాలని ఐక్యరాజ్యసమితి 1998 మార్గదర్శక సూత్రాలు స్పష్టంగా చెబుతున్నా, వీరికోసం ప్రత్యేక చట్టమేదీ మన దేశంలో లేదు. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలైనవారికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎస్టీ ధ్రువపత్రం దక్కదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13ను గడువుగా పెట్టినందున, ఆ తర్వాత పోడు కొట్టినవారి గూడెం ఆక్రమణే అవుతుంది.

ఈ లేమి భారమంతా ఆడవారి మీదే పడుతుంది. బోరు లేని గూడెంలో వాగు ఇసుకలో చెలమ తోడి, అడుగున ఊరే నీటిని దోసెడు దోసెడుగా బిందెలోకి ఎత్తుకునేదీ, మిరప కోతలకు మేస్త్రీ వెంట వెళ్లి చేను గట్టు మీది పాకలో పడుకునేదీ ఆమే. అక్కడ ఎవరైనా చెయ్యి వేస్తే, కోయభాష తప్ప తెలియని ఆమె తెలుగులో రాసుకునే స్టేషన్ మెట్లు ఎక్కాలి. ఎక్కితే గూడెం ఆచూకీ బయటపడి గుడిసెలు కూలతాయన్న భయం. ఆ భయానికి కారణం లేకపోలేదు: 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలోని జలగలంచలో అటవీ సిబ్బంది గుడిసెలు కూల్చినప్పుడు మహిళలను చెట్లకు కట్టేశారన్న ఆరోపణలు వచ్చాయి, ఖాళీ చేయించడాన్ని ఆపడానికి హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో కొందరు గుత్తికోయలు అటవీ అధికారిని హత్య చేయడం క్షమించరాని నేరమే, అయితే దానికి గూడేలన్నిటినీ దోషులను చేయడం న్యాయం కాదు.

నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది; బాధితురాలికి ఆసుపత్రులు ఉచితంగా చికిత్స చేయాలన్నదీ అందులోనే ఉంది. కాగితాలు అడగకుండా వీటిని అమలు చేయాలి. హింసకు గురైన మహిళలకు వైద్యం, న్యాయసాయం, ఆశ్రయం ఒకేచోట అందించే సఖి కేంద్రాల్లో కోయభాష వచ్చిన మహిళలను నియమించే బాధ్యతను భద్రాచలం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) తీసుకోవాలి. పునరావాసం చూపేవరకు కూల్చివేతలను తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రెండూ తక్షణం నిలిపివేయాలి.