ఇటుక వెనుక చేయి

గత మాసం గానుగ సున్నం గూర్చి వ్రాశాము. సున్నం పట్టి నిలిపేది ఇటుకను గనుక, ఈ నెల దాని సంగతి.

కన్నడిగుల ఇట్టిగె, మరాఠీవారి వీట్, ఒడియావారి ఇటా, మన ఇటుక - అన్నింటికీ మూలం సంస్కృతంలోని ఇష్టకయే. తమిళులు మాత్రం చెంగల్, అంటే ఎర్రరాయి, అంటారు. నాగార్జునకొండలో క్రీస్తుశకం మూడవ శతాబ్దపు మహాచైత్యానికి వాడిన ఇటుకలు సుమారు 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. అంతంత ఇటుకలూ చేతులతో చేసినవే.

వానలు వెనుకబట్టాక మట్టి త్రవ్వి, రాళ్ళూ వేళ్ళూ ఏరి, రాత్రంతా నానవేసి, తెల్లవారి కాళ్ళతో తొక్కేవారు. జిగట ఎక్కువైన మట్టి ఎండలో బీటలు వారుతుంది. ఇసుక ఎక్కువైతే ఇటుక పొడియై రాలుతుంది. ఆ పాళ్ళు తొక్కేవాని పాదానికే తెలియాలి. ఆరి కాలేసరికి మట్టి కుంచించుకుపోతుంది గనుక, కొయ్య అచ్చు సుమారు పదోవంతు పెద్దదిగా ఉండేది. అచ్చులో ఇసుక చల్లి, ముద్దను ఒక్క విసురున కొట్టి, మూలలు వ్రేళ్ళతో అదిమి, పైమట్టిని బద్దతో గీసి, నేలమీద బోర్లించేవారు. నిదానంగా ఆరనిచ్చి, బట్టీ పేర్చి, కట్టెలతోనో ఊకతోనో కాల్చేవారు. తడి మిగిలిన ఇటుక మంటలో పగిలిపోతుంది.

మంచి ఇటుకలు రెండు తట్టితే ఖంగుమనాలి. గోటితో గీస్తే గీత పడరాదు. ఒక రోజు నీళ్ళలో ఉంచినా తన బరువులో అయిదోవంతుకు మించి నీరు పీల్చరాదు.

పూర్వపు మాటగా చెప్పామే గాని, ఈ చేతిపని నేటికీ చాలా బట్టీలలో సాగుతూనే ఉన్నది. ఒడిషాలోని బలంగీర్, నువాపడా జిల్లాలనుంచి ఏటా ఎన్నో కుటుంబాలు బయానా పుచ్చుకొని తెలంగాణ, ఆంధ్ర, తమిళ ప్రాంతాల బట్టీలకు వలస పోతున్నాయి. భార్యా భర్తా ఒక బిడ్డా కలిసిన జట్టును అక్కడ పథూరియా అంటారు. బిడ్డ కూడా లెక్కలోనే! వెట్టిని 1976లో చట్టం రద్దు చేసినా, బయానా తీరేదాకా కదలలేనివారు ఇంకా ఉన్నారు.

భాష రాని చోట కూలి లెక్క అడగడమైనా కష్టమే. ఆ బిడ్డలకోసం తెలంగాణలో కొన్ని బట్టీల వద్ద ఒడియా బడులు కూడా నడిపారు. రెండు భాషలూ ఎరిగిన మనవారు ఇటుకల బేరానికి వెళ్ళినప్పుడు, ధరతోపాటు ఆ జట్టును కూడా ఒక్క మాట పలకరించి రావాలని మా మనవి.