సైన్సు కబుర్లు: కోడిమేతలో సున్నం చేసిన మాయ

కిందటి నెల సాల్మియాలో మా ఇంటికి భోజనానికొచ్చిన మిత్రుడొకాయన టెట్రాసైక్లిన్ మాత్ర వేసుకుని లబన్ గ్లాసు అందుకోబోతే చెయ్యి పట్టుకున్నాను. "మజ్జిగక్కూడా కరువా మీ ఇంట్లో?" అని నవ్వారాయన. మజ్జిగలోని కాల్షియం ఆ మందును పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. డాక్టర్లు చెబుతూనే ఉంటారు, మనం వినం.

కోడిమేతలోనూ ఇదే తంతు. కువైట్ రాకముందు గోదావరి జిల్లాలో ఒక మేత పరీక్షశాలలో పనిచేశాను. అగరు పోసిన పళ్ళెంలో సూక్ష్మజీవులను పెంచి, గుంటలు చేసి, మేత నుంచి తీసిన రసం పోసేవాళ్ళం. రసంలో మందుంటే గుంట చుట్టూ తేటగా వలయం కడుతుంది. వలయం పెద్దదైతే మందు ఎక్కువన్నమాట. ఒకసారి ఒకే మిల్లు నుంచి రెండు రకాల మేత వచ్చింది. మాంసం కోళ్ళ మేతలో మందు సరిగ్గా తేలింది, గుడ్ల కోళ్ళ మేతలో బాగా తక్కువ. రెంటిలోనూ ఒకే కొలత వేశానని మిల్లాయన మొత్తుకున్నాడు. "తక్కువ" అని రాసి సంతకం పెట్టింది నేనే.

తర్వాత తెలిసింది. పెంకు గట్టిపడాలని గుడ్ల కోళ్ళ మేతలో గుల్లపొడి, సున్నపురాయి పొడి దండిగా వేస్తారు. మాంసం కోళ్ళ మేతలో కాల్షియం నూటికి ఒక పాలైతే, ఇందులో మూడున్నర, నాలుగు. మందు అందులోనే ఉంది. కాల్షియం పట్టు వదలక రసంలోకి దిగలేదు. ఆమ్లం గట్టిగా ఉంటేనే ఆ పట్టు విడుతుంది, మేం చాలీచాలకుండా వాడాం. పోల్చి చూసే మందును కూడా మందు కలపని అదే రకం మేత రసంలో కలుపుకోవాలి. ఆ పనీ చెయ్యలేదు. గుళికమేత అతుక్కోవడానికి వేసే బెంటొనైటు మట్టి కూడా కొన్ని మందుల్ని పీల్చుకుంటుంది. రాగి మోతాదు మించితే కథ తిరగబడుతుంది: తానే సూక్ష్మజీవుల్ని అణిచి, లేని మందును ఉన్నట్టు చూపగలదు.

తక్కువని తేలితే ఎవరైనా ఏం చేస్తారు? ఇంకో గుప్పెడు వేస్తారు. ఆ మిల్లాయనా అదే చేశాడని విన్నాను. ఆ గుప్పెడు వెళ్ళేది కోళ్ళలోకి, వాటినుంచి మన కంచాల్లోకి.

ఈ మందుతో మనకు చుట్టరికం ఉంది లెండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనలు నడిపిస్తున్న రోజుల్లోనే, అక్కడ డగ్గర్ ఈ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కనిపెట్టాడు. 1948లో అది లోకానికి తెలిసింది, సుబ్బారావుగారు పోయిందీ ఆ ఏడే. అది తీయగా మిగిలిన పిప్పి తిన్న కోడిపిల్లలు త్వరగా ఎదిగాయని అక్కడే స్టోక్‌స్టాడ్, జ్యూక్స్ గమనించారు. అలా మేతలోకి వచ్చింది. ఎదుగుదల కోసం యాంటీబయాటిక్ కలపడాన్ని యూరపు దేశాలు 2006 జనవరి 1 నుంచి మానిపించాయి.

మొన్న సెలవుకు వెళ్ళినప్పుడు మిల్లాయన కొడుకు కనిపిస్తే ఉన్న సంగతి చెప్పేశాను. "నాన్నగారుండగా చెప్పాల్సిందండీ" అన్నాడు.