ఇంపోర్టు చేసిన ఫంక్షనుపై వేగు

బ్యాంకు ఖాతానుండి సొమ్ము కదలిన మరుక్షణమే ఫోనునకు సందేశము వచ్చుట నేడు సర్వసాధారణము. జావాస్క్రిప్టులో వ్రాసిన అట్టి వ్యవస్థలో సందేశము పంపు ఫంక్షను ఒక ఫైలులోను, సొమ్ము తీయు ఫంక్షను వేఱొక ఫైలులోను ఉండి, ఇది దానిని ఇంపోర్టు చేసికొని పిలుచుచుండును. దీనికి యూనిట్ టెస్టు వ్రాయునప్పుడు నిజమైన ఖాతాదారునకు సందేశము పోరాదు గనుక, ఆ స్థానమున ‘స్పై’ని, అనగా తన్నెన్నిసార్లు, ఏయే విలువలతో పిలిచిరో జ్ఞాపకముంచుకొను మాఱు ఫంక్షనును, నిలుపుట ఇంజనీర్ల ఆచారము. జెస్ట్ అను సాధనములోని స్పైఆన్ ఇట్టి పనికే ఉన్నది. ఊరక వదలినచో అది అసలు ఫంక్షనును కూడ నడపును గావున, దానికి మాఱురూపము నిచ్చుట మఱువరాదు.

2015 నాటి ప్రమాణముతో మాడ్యూళ్లు భాషలో ప్రవేశించినను, బేబెల్ వంటి సాధనములు వానిని పాత కామన్‌జేఎస్ రూపమునకు మార్చుచు వచ్చుటచే, ఎగుమతి చేసిన ఫంక్షన్లు సాధారణ ఆబ్జెక్టు ప్రాపర్టీలై, ఎవరు మార్చినను మాఱుచుండెడివి. నిజమైన మాడ్యూలునకు అట్టి లొంగుబాటు లేదు. ఇంపోర్టు చేసికొన్నవారు ఆ పేరును వాడుకొనవలసినదేగాని దానికి క్రొత్త విలువ నియ్యజాలరు. పేరునకు క్రొత్త విలువ నిచ్చుటయే స్పైఆన్ పని గనుక, నేడు అనేకుల పరీక్షలు, ఆ ప్రాపర్టీని మార్చ వీలులేదను దోషముతో నిలిచిపోవుచున్నవి. దీనిని భాషయొక్క మొండితనమని నిందించువారున్నారు. నా దృష్టిలో భాషదే న్యాయము.

ఆ రెండు ఫంక్షన్లును ఒకే ఫైలులో నున్నప్పుడు సంభవించు అనర్థము మఱింత ఘోరము. పాత రూపమున స్పైని నిలుపుట సాధ్యమే యైనను, లోపలి పిలుపు ఎగుమతి ఆబ్జెక్టు గుండా పోక నేరుగా స్థానిక నామమునే చేరును గావున, అసలు ఫంక్షను నడచుచుండగనే స్పై మాత్రము పిలుపులు సున్న యని చెప్పును. ‘నిల్వ చాలనప్పుడు సందేశము పోరాదు’ అని పరీక్ష వ్రాసినవాడు, సందేశము పోయినను, ఉత్తీర్ణమైనదను ఆకుపచ్చని గుర్తును జూచి నిశ్చింతుడగును. దోషమును చూపని పరీక్షకంటె పరీక్ష లేకుండుటయే మేలు.

సందేశము పంపు ఫంక్షనును సొమ్ము తీయు ఫంక్షనునకు ఆర్గ్యుమెంటుగా అందించినచో ఈ చిక్కులేవియు నుండవు. డిఫాల్టు విలువగా అసలుదానినే ఉంచినయెడల మిగిలిన కోడు మార్చవలసిన పనియు లేదు. ఆర్గ్యుమెంట్లు పెరుగునను ఆక్షేపణ కొంత నిజమే. కాని ఏది దేనిపై ఆధారపడినదో మొదటి పంక్తియందే తెలియుట చిన్న లాభము కాదు. హైదరాబాదులోనేమి, విదేశములందేమి, కోడ్ రివ్యూ చేయు మన ఇంజనీర్లు స్పైఆన్‌ను ఇంపోర్టుపై ప్రయోగించిన పంక్తి కనబడినచోనెల్ల, ఆ ఫంక్షనును ఆర్గ్యుమెంటుగా మార్చి తిరిగి పంపుడని కోరుదురు గాక.