వదలడమూ విద్యే

పేకాటను ప్రశంసించడానికి మేము కలం పట్టలేదు. జూదం మా ధర్మంలో నిషిద్ధం. పందెపు పేకాటవల్ల కూలిన కాపురాలను ఎరుగనివారు లేరు. అయినా ఆ ఆటలోని ఒక చిన్న నిబంధన విద్యార్థులకు పెద్ద పాఠం చెప్పగలదని మా నమ్మకం.

మెండోరలో పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజులలో, సాయంకాలం కాలక్షేపానికి పదమూడు ముక్కల రమ్మీ ఆడేవారిని మేము పలుమార్లు చూశాము. డబ్బు ఉండదు, కాగితంపై లెక్క మాత్రమే. ముక్కలు పంచగానే, ఒక్క ముక్కైనా తీయకముందే ఆట వదిలితే 20 పాయింట్లు. నడుమ వదిలితే 40. ‘లైఫు’, అనగా జోకరు సాయం లేకుండా ఒకే గుర్తుపై వరుసగా కుదిరిన మూడు ముక్కలు, లేకుండా చివరిదాకా కూర్చుంటే 80 వరకు మీదపడవచ్చును.

చేతిలో లైఫు ఉన్నా, ఇస్పేటు ఏడు, ఎనిమిది వంటి జంటకు తోడు జోకరు ఉన్నా ఆడవచ్చును. అవేవీ లేక రాజులు, రాణులు చెల్లాచెదరుగా ఉంటే 20తో తప్పుకొనడమే వివేకం. ఒక పెద్దాయన మాటిమాటికి అలాగే తప్పుకొనేవాడు. “ఏం తాతా, ఆడనీకి వచ్చినవా, చూడనీకి వచ్చినవా?” అని కుర్రవాళ్లు నవ్వేవారు. చివరకు తక్కువ లెక్కతో మిగిలేది తరచుగా ఆయనే.

పోకరులో ఈ పరీక్ష మరింత కఠినం. అక్కడ ముక్కలు చూడకముందే ఇద్దరు నిర్బంధంగా పందెం కాయాలి. అందులో చిన్నదానిని స్మాల్ బ్లైండ్ అంటారు. సాధారణంగా అది పెద్దదానిలో సగం. ‘సగం వేసే ఉన్నాము, మిగతా సగం వేస్తే ఏం పోయింది’ అన్న ఆశ అక్కడే పుడుతుంది. ఒకడు 5, మరొకడు 10 కాయగా మిగిలినవారంతా తప్పుకొన్నారనుకొందాము. కుప్పలో 15 ఉన్నది. మొదటివాడు ఇంకొక 5 వేయాలంటే నాలుగింట ఒకసారైనా గెలిచే ముక్కలుండాలి. పైగా ఆ తరువాతి చుట్లలో ముందుగా నోరు విప్పవలసినవాడు అతడే. ఎదుటివాడు అతని తీరు చూసి ఆడతాడు. కనుక ముక్కలు ఇంకా మేలైనవై ఉండాలి. ముందు వేసిన 5 ఇక అతనిది కాదు, కుప్పది.

సభాపర్వంలో ధర్మరాజు మరచినది ఇదే. సంపద పోయింది, రాజ్యం పోయింది; తమ్ములను, తనను, తుదకు ద్రౌపదిని ఒడ్డాడు. పోయినదానిని తలచుకొన్నాడే గాని పోబోయేదానిని లెక్కించలేదు.

రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని, ముక్కలను ఉంచుకొనడంలోను పారవేయడంలోను నైపుణ్యం కావాలని 1967లో సుప్రీంకోర్టు సికిందరాబాదు క్లబ్బు ఒకదాని కేసులో చెప్పింది. ఆ నేర్పులో మొదటి మెట్టు ఆటనే పారవేయగలగడమని మా అభిప్రాయం. సెల్‌ఫోనులో డబ్బుకు ఆడే రమ్మీ ఆ మెట్టునే తొలగిస్తుంది: ఒక ఆట వదిలీ వదలకముందే మరొక ఆట ముక్కలు కంటి ముందు నిలుస్తాయి. అందుకే తెలంగాణలో 2017లోను, దేశమంతటికీ 2025లోను వచ్చిన నిషేధ చట్టాలను మేము సమర్థిస్తున్నాము.

అయితే చట్టం ఫోనును ఆపగలదు, ఆశను ఆపలేదు. ‘ఇంతవరకు పెట్టాము గదా’ అన్న మాట మీ నోట వచ్చినప్పుడల్లా, విద్యార్థులారా, ఒక్క క్షణం ఆగండి. పెట్టినదెంత అని కాక, ఇకపై పెట్టబోయేదానికి వచ్చేదెంత అని అడగండి. తాత నవ్వులపాలైనది ఆ ఒక్క ప్రశ్నకే, నెగ్గినదీ దానితోనే.