ఏడాది పాటు... మెల్‌బోర్న్‌ వాసి!

సూట్‌కేసు దించగానే ఇల్లు దొరకదు. ఉద్యోగమూ దొరకదు. జేబులో డబ్బు మాత్రం రోజురోజుకీ కరిగిపోతుంటుంది. పని చేసుకుంటూ దేశం చూద్దామని వెళ్లే యువతకు పరాయి మహానగరంలో మొదటి నెలే అసలు పరీక్ష.

మనింట్లో పిల్లలు విదేశాలకు వెళ్తున్నారంటే ఇన్నాళ్లూ రెండే కారణాలు. అయితే పైచదువు, లేదంటే ఉద్యోగం. మొదటిదానికి యూనివర్సిటీ సీటూ బ్యాంకు రుణమూ కావాలి. రెండోదానికి కంపెనీ ఇచ్చిన కాగితం కావాలి. ఈ రెండూ లేకుండా ‘ఏడాది పాటు ఆ దేశం చూసొస్తాను, ఖర్చులకు అక్కడే ఏదో ఒక పని చేసుకుంటాను’ అని ఎవరైనా అంటే పెద్దవాళ్లు ఎగాదిగా చూస్తారు. కానీ బ్రిటన్‌, జపాన్‌, కొరియా లాంటి దేశాల యువతకు ఇది ఎప్పట్నుంచో అలవాటే. చదువు పూర్తయ్యాకో, ఉద్యోగం మారే మధ్యలోనో వీపున బ్యాగు తగిలించుకుని ఆస్ట్రేలియా విమానం ఎక్కేస్తారు. కొన్నాళ్లు కేఫ్‌లో కాఫీ కలుపుతారు, కొన్నాళ్లు తోటల్లో పండ్లు కోస్తారు, మధ్యమధ్యలో ఊళ్లు తిరుగుతారు. ఏడాది గడిచాక ఇంటికొచ్చేస్తారు.

2024 సెప్టెంబరులో ఆ తలుపు మనకూ తెరుచుకుంది. భారత్‌, ఆస్ట్రేలియాల మధ్య 2022లో కుదిరిన వాణిజ్య ఒప్పందం పుణ్యమా అని ‘వర్క్‌ అండ్‌ హాలిడే’ వీసాకు మనవాళ్లూ అర్హులయ్యారు. అయితే ఏడాదికి వెయ్యి మందికే అవకాశం. అందుకే లాటరీ. ఆ అక్టోబరులో పేర్లు నమోదు చేసుకోమంటే మొదటి రెండు వారాల్లోనే దాదాపు 40 వేల మంది ముందుకొచ్చారు!

లాటరీలో పేరొచ్చింది... వీసా వచ్చింది... విమానం దిగారు. ఆ తర్వాత? చాలామంది మొదట కాలుమోపేది సిడ్నీలోనో, మెల్‌బోర్న్‌లోనో. యాభై లక్షలకు పైగా జనమున్న మెల్‌బోర్న్‌నే తీసుకుంటే, అక్కడ కుదురుకోవడం ఓ పద్ధతి ప్రకారం సాగే పని. ఆ పద్ధతి తెలియకపోతే వెయ్యిమందిలో ఒకరిగా వచ్చిన అదృష్టం కాస్తా ఏ వంటగది మూలనో తెల్లారిపోతుంది.

సెలవా... కొలువా?

ముందుగా ఇంట్లోవాళ్లకూ వెళ్లేవాళ్లకూ స్పష్టంగా తెలియాల్సింది ఒకటుంది. ఇది స్థిరపడటానికి ఇచ్చే వీసా కాదు. 18 నుంచి 30 ఏళ్ల మధ్య వయసుండాలి. ఇంటర్‌ తర్వాత కనీసం రెండేళ్లు చదివుండాలి. ఇంగ్లిషు రావాలి. ఖర్చులకు ఐదువేల ఆస్ట్రేలియా డాలర్లూ, తిరుగు ప్రయాణానికి డబ్బూ చూపించాలి. ఒక యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలకు మించి పనిచేయకూడదు. నాలుగు నెలలకు మించి చదవకూడదు.

ఆరు నెలల్లో వెళ్లిపోయే మనిషికి పెద్ద ఆఫీసుల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టడం అరుదు. కాబట్టి బీటెక్‌ చదివినా దొరికేది ఎక్కువగా కేఫ్‌లో, హోటల్‌ గదులు సర్దడంలో, గోదాముల్లో, తోటల్లో, కార్యక్రమాలు జరిగేచోట్ల పనే. ‘ఇంత చదివి కప్పులు కడుగుతాడా’ అని ఇక్కడ ముక్కున వేలేసుకుంటారేమో కానీ, అక్కడ పక్కనే కప్పులు కడుగుతున్న జర్మనీ కుర్రాడూ డిగ్రీ చదివే ఉంటాడు.

అసలు ప్రమాదం పనిలో లేదు, అప్పులో ఉంది. చదువుకి వెళ్లేవాళ్లలా లక్షలు అప్పుచేసి ఈ వీసా మీద వెళ్తే లెక్క తేలదు. ఏడాదిలో తీర్చేయాలన్న తొందరలో ఎంత తక్కువ కూలికైనా ఒప్పుకోవాల్సి వస్తుంది. లాటరీలో పేరు వచ్చేలా చేస్తామంటూ డబ్బు అడిగే ఏజెంట్ల మాటలూ నమ్మక్కర్లేదు. ఎంపిక కంప్యూటర్‌ చేస్తుంది. పేరు నమోదుకు అక్కడి ప్రభుత్వం పెట్టిన రుసుము 25 డాలర్లే.

ముందు మంచం... తర్వాతే ఇల్లు!

మెల్‌బోర్న్‌ విమానాశ్రయం నుంచి నగరానికి రైలు లేదు. సదరన్‌ క్రాస్‌ స్టేషన్‌ దాకా బస్సు ఉంది. మొదటి వారం పదిరోజులకు హాస్టల్లో మంచం చాలు. గదిలో ఆరుగురో ఎనిమిదిమందో ఉంటారు. వాళ్లలో చాలామంది ఇలాంటి వీసాల మీద వచ్చినవాళ్లే కాబట్టి ఏ వీధిలో ఏ కేఫ్‌ వాళ్లు మనుషుల కోసం చూస్తున్నారో అక్కడే తెలుస్తుంది. నగరం నడిబొడ్డున ట్రామ్‌ ఎక్కితే టికెట్‌ అక్కర్లేదు. 2015 నుంచి ఆ ప్రాంతాన్ని ఉచితం చేశారు. అది దాటితే మాత్రం ‘మైకీ’ కార్డు తాకించాల్సిందే. మర్చిపోతే జరిమానా గట్టిగానే ఉంటుంది.

హాస్టల్లో ఉంటూనే ఇల్లు వెతుక్కోవాలి. ఇల్లంటే ఇల్లు కాదు, నలుగురైదుగురు కలిసి ఉండే ఇంట్లో ఓ గది. అద్దె లెక్క అక్కడ వారానికి. మనవాళ్లు పొరబడేది ఇక్కడే. వారానికి 250 డాలర్లంటే నెలకు వెయ్యి అనుకుంటారు. ఏడాదికి 52 వారాలు కదా... లెక్కేస్తే నెలకు 1,083 పడుతుంది. దీనికితోడు బాండ్‌ పేరుతో అడ్వాన్సు. విక్టోరియా రాష్ట్రంలో వారం అద్దె 900 డాలర్ల లోపు ఉంటే ఆ అడ్వాన్సు మామూలుగా నెల అద్దెకు మించకూడదు. పైగా ఆ డబ్బు ఇంటి యజమాని జేబులోకి పోదు. ప్రభుత్వ సంస్థ దగ్గర పది పనిదినాల్లోగా జమ చేయాలి. జమ అయినట్టు కాగితం రాకపోతే అనుమానించాల్సిందే. గది చూడకముందే ‘ఊళ్లో లేను, డబ్బు పంపితే తాళాలు కొరియర్‌ చేస్తా’ అన్నవాడు కచ్చితంగా మోసగాడే.

మరి ఎక్కడుండాలి? టార్నీట్‌, డాండెనాంగ్‌ లాంటి శివార్లలో మనవాళ్లు ఎక్కువ. కందిపప్పూ గోంగూర పచ్చడీ కాళ్ల దగ్గరికొస్తాయి. అద్దె కూడా తక్కువే. కానీ కేఫ్‌ పని తెల్లవారుజామునే మొదలవుతుంది. హోటల్‌ పని అర్ధరాత్రికి ముగుస్తుంది. ఆ వేళల్లో రైలుందో లేదో చూసుకున్నాకే గది ఒప్పుకోవాలి. అద్దెలో మిగిల్చిన డబ్బు అర్ధరాత్రి ట్యాక్సీకి పోతే ఏం లాభం?

నాలుగు కాగితాలు చాలు

కొత్త ఊళ్లో మనిషి ఉన్నట్టు లెక్క కాగితాలతోనే మొదలవుతుంది. మొదటిది ఫోన్‌ నంబరు. రెండోది బ్యాంకు ఖాతా. కొన్ని బ్యాంకుల్లో ఇక్కడి నుంచే దరఖాస్తు చేసుకుని, అక్కడికెళ్లాక పాస్‌పోర్టు చూపిస్తే చాలు. మూడోది పన్ను నంబరు. దీన్ని టీఎఫ్‌ఎన్‌ అంటారు. ఆ దేశంలో అడుగుపెట్టాక ఆన్‌లైన్‌లో ఉచితంగా దరఖాస్తు చేయొచ్చు. దాదాపు నాలుగు వారాల్లో ఉత్తరం వస్తుంది. కాబట్టి ఇచ్చే చిరునామా నెల తర్వాత కూడా ఉత్తరం అందుకోగలిగేదై ఉండాలి. పనిలో చేరాక నంబరు ఇవ్వడానికి 28 రోజుల గడువుంటుంది. ఆలోపు ఇవ్వకపోతే జీతంలో అత్యధిక రేటున పన్ను కోసేస్తారు.

నాలుగోది సూపర్‌ ఖాతా. అంటే మన పీఎఫ్‌ లాంటిది. జీతానికి అదనంగా యజమానే అందులో డబ్బు వేయాలి. 2025 జులై నుంచి అది 12 శాతం. దేశం వదిలాక ఆ సొమ్ము వెనక్కి అడగొచ్చు. కాకపోతే ఈ వీసా మీద వెళ్లినవాళ్లకు 65 శాతం పన్ను పోగా మిగిలిందే చేతికొస్తుంది. అయినా అది మన చెమటే, వదులుకోకూడదు.

ఇవిగాక, మద్యం వడ్డించేచోట పని కావాలంటే ఆర్‌ఎస్‌ఏ సర్టిఫికెట్‌, నిర్మాణ పనులకు వైట్‌ కార్డు ఉండాలి. రెండింటికీ చిన్న శిక్షణ చాలు. రెజ్యూమెలు తయారు చేసుకోవడానికి స్టేట్‌ లైబ్రరీని మించిన చోటు లేదు. 1850ల నాటి ఆ లైబ్రరీలో వైఫై ఉచితం. 1913లో కట్టిన గుమ్మటం కింద రోజంతా కూర్చున్నా ఎవరూ లెమ్మనరు.

గంటకు ఎంత?

ఇక అసలు విషయం. రెండు వారాలు గడిచాయి, పాతిక కేఫ్‌లు తిరిగారు, పిలుపు రాలేదు. చేతిలో డబ్బు సగమైంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు తగులుతారు. ‘నువ్వు మనోడివే కదా... రేపట్నుంచే వచ్చెయ్‌. గంటకు పన్నెండో పదిహేనో ఇస్తా. వారం వారం చేతికిస్తా. కాగితాల గొడవెందుకు?’

వినడానికి పన్నెండు డాలర్లంటే బాగానే ఉంటుంది. రూపాయల్లోకి మార్చుకుంటే ఇంకా బాగుంటుంది. కానీ 2025 జులై నుంచి ఆస్ట్రేలియాలో అమల్లోకి వచ్చిన కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. సెలవులు లేని రోజువారీ పనికి అదనంగా పాతిక శాతం కలిపి 31 డాలర్ల పైమాటే. ఏటా జులైలో ఈ అంకె మారుతుంటుంది. అంటే ఆ ‘మనోడు’ సగం కూలి కూడా ఇవ్వడం లేదన్నమాట. పేస్లిప్‌ ఉండదు, సూపర్‌ ఉండదు. పనిలో చెయ్యి తెగితే తాను పనిచేశానని చెప్పుకోవడానికి ఆధారమూ ఉండదు.

ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి. ‘మూడ్రోజులు ఊరికే పనిచేసి చూపించు’ అంటారు. పని వచ్చో రాదో తేలడానికి కావాల్సినంత కొద్దిసేపటికి తప్ప డబ్బివ్వకుండా పనిచేయించుకోవడం చట్టవిరుద్ధం. ‘వ్యాపార నంబరు తెచ్చుకో, కాంట్రాక్టరుగా చూపిస్తా’ అంటారు. గిన్నెలు తోమేవాడు కాంట్రాక్టరు ఎలా అవుతాడు? జీతం, సూపర్‌ ఎగ్గొట్టడానికి వేసే ఎత్తు అది. 2025 జనవరి 1 నుంచి కావాలని జీతం ఎగ్గొట్టడం అక్కడ క్రిమినల్‌ నేరం. ఫెయిర్‌ వర్క్‌ ఆంబుడ్స్‌మన్‌ అనే ప్రభుత్వ సంస్థకు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు చేసినవాళ్ల వీసాకు దెబ్బతగలకుండా రక్షణ ఏర్పాట్లూ ఉన్నాయి. అందుకే ఏ రోజు ఎన్ని గంటలు చేశారో ఫోన్‌లో రాసిపెట్టుకోవడం మంచి అలవాటు.

మనవాళ్లందరూ ఇలాంటివాళ్లే అని కాదు. గది చూపించేదీ, పండక్కి పిలిచి భోజనం పెట్టేదీ కూడా మనవాళ్లే. కానీ అభిమానం అభిమానమే, జీతం జీతమే.

ఒక్కరోజులో నాలుగు కాలాలు

మెల్‌బోర్న్‌లో ఒకేరోజు నాలుగు రుతువులూ వస్తాయని అక్కడివాళ్లే నవ్వుకుంటారు. పొద్దున ఎండ చూసి బయల్దేరితే మధ్యాహ్నానికి చలిగాలి, సాయంత్రానికి వాన. పైగా కాలాలు మనకు తలకిందులు. డిసెంబరు, జనవరి ఎండాకాలం. మెల్‌బోర్న్‌ కప్‌ గుర్రప్పందేలు, బాక్సింగ్‌ డే టెస్టు, టెన్నిస్‌ ఓపెన్‌... అన్నీ నవంబరు-జనవరి మధ్యే. పనులు ఎక్కువగా దొరికేదీ అప్పుడే. జూన్‌లో చలిలో దిగినవాళ్లకు ఓపిక కొంచెం ఎక్కువే కావాలి.

ఆరోగ్యం సంగతీ ముందే చూసుకోవాలి. అక్కడి ప్రభుత్వ వైద్య పథకం మెడికేర్‌ మనవాళ్లకు వర్తించదు. బీమా లేకుండా వెళ్తే ఒక్కసారి అంబులెన్సు ఎక్కినా వెయ్యి డాలర్లు దాటుతుంది.

అన్నిటికన్నా కష్టం సాయంత్రాలది. అంత పెద్ద నగరంలో పేరుపెట్టి పిలిచేవాళ్లు ఒక్కరూ ఉండరు. వారాంతంలో కేరమ్‌ డౌన్స్‌లోని శివ-విష్ణు ఆలయానికో, పార్కులో క్రికెట్‌ ఆడేవాళ్ల దగ్గరికో వెళ్తే కాస్త తేలికపడుతుంది. రోజూ ఒకే కేఫ్‌లో కాఫీ తాగినా చాలు, నెల తిరిగేసరికి ఆ కౌంటరు వెనకున్న మనిషి పేరుతో పలకరిస్తాడు.

మిగిలింది ఇక్కడున్న అమ్మానాన్నల పాత్ర. మెల్‌బోర్న్‌ మనకన్నా నాలుగున్నర గంటలు ముందుంటుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్‌ మొదటి ఆదివారం దాకా ఐదున్నర గంటలు. మనం రాత్రి తొమ్మిదింటికి తీరిగ్గా ఫోన్‌ చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటిపోతుంది. అలా నిద్రలేపి మరీ ‘ఉద్యోగం దొరికిందా?’ అని రోజూ అడుగుతుంటే, మూడో వారానికల్లా ఏ పన్నెండు డాలర్లకో ఒప్పుకుని ‘దొరికిందమ్మా’ అనేస్తారు. ఇక్కడ అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అక్కడ ఏడాదంతా చూడాల్సిన దేశం చూడకుండానే గడిచిపోతుంది.

అందుకే రెండు నెలలకు సరిపడా డబ్బు ముందే చేతికిచ్చి, ఆ ప్రశ్న కొన్నాళ్లు పక్కన పెట్టడం మేలు. పని దొరికిందని చెప్పినరోజు ‘గంటకు ఎంత? పేస్లిప్‌ ఇస్తున్నారా?’ అని అడగాలి. ఆ తర్వాత ‘ఈ వారం ఏం చూశావ్‌?’ అని అడగాలి. పంపింది అందుకే కదా!